పొట్లం విప్పేది ఇంటి దగ్గర

కూర్చుని తినే హోటల్ యజమానికి ఒక సౌకర్యం ఉంది. ఇడ్లీ గట్టిగా వస్తే తినేవాళ్లు విరిచేటప్పుడే తెలిసిపోతుంది. సాంబారులో ఉప్పు ఎక్కువైతే మొహంలో కనిపిస్తుంది. వాళ్లు చెయ్యెత్తి పిలవకముందే సర్వరు ఆ బల్ల దగ్గరికి వెళ్లగలడు. పార్సిల్ మాత్రమే కట్టే కొట్టుకు ఆ అవకాశం లేదు. కాలేజీ గేటు పక్కనో, మెట్రో స్టేషన్ మెట్ల కిందో, సందు మొదట్లోనో ఉండే శాండ్‌విచ్ కొట్టునే తీసుకోండి. మనిషి వస్తాడు, కావలసింది చెబుతాడు, డబ్బు కడతాడు, పొట్లం పట్టుకుని వెళ్లిపోతాడు. తినడం మొదలయ్యేది పావుగంట తర్వాత, ఇంకెక్కడో. ఆ కొట్టు మంచిదా కాదా అని తేల్చుకునేది అక్కడే. అప్పుడు యజమాని పక్కన ఉండడు.

ఈ అధ్యాయం అలాంటి చిన్న కొట్టు నడుపుతున్నవాళ్ల కోసం, పెట్టాలనుకుంటున్నవాళ్ల కోసం. తినేవాళ్ల మొహం మీకు కనిపించదు కాబట్టి, దాన్ని కౌంటర్ దగ్గరికి తెచ్చుకునే పద్ధతులు మీరే ఏర్పాటు చేసుకోవాలి. రుచి, ధర, చోటు ముఖ్యం కావని అనడం లేదు. కానీ మొదట్లో బాగా నడిచి, ఆ తర్వాత గిరాకీ పలచబడిన కొట్లను చూడండి. ఎందుకు పలచబడిందని అడిగితే పక్కన కొత్త కొట్టు వచ్చిందనో, కాలేజీకి సెలవులనో చెబుతారు. అసలు కారణం చాలాసార్లు వాళ్ల చెవిన పడనే పడదు. రావడం మానేసినవాళ్లు వచ్చి కారణం చెప్పరు కదా. మనవాళ్లకు మొహం మీద చెప్పాలంటే మొహమాటం, ఇంకో కొట్టుకు వెళ్లాలంటే ఏ ఇబ్బందీ లేదు.

తినేవాళ్లు కనిపించడం వల్ల వండేవాళ్ల చేతిలో ఏం మారుతుందో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు రయాన్ బ్యూయెల్, ఆయన సహ పరిశోధకులు పరీక్షించి చూశారు. ఒక విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లో వంటవాళ్లకూ తినేవాళ్లకూ మధ్య గోడ ఉంది. రెండు వైపులా ఐప్యాడ్‌లు పెట్టి, వీడియోలో ఒకసారి ఇటువాళ్లకు అటువాళ్లను, ఒకసారి అటువాళ్లకు ఇటువాళ్లను, ఒకసారి ఒకరికొకరిని చూపించారు. తినేవాళ్లకు మాత్రమే వంటవాళ్లు కనిపించినప్పుడు చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. వంటవాళ్లకు తినేవాళ్లు కనిపించినప్పుడు తిండి బాగుందన్న సంతృప్తి 10 శాతం పెరిగింది. ఇద్దరికీ ఒకరికొకరు కనిపించినప్పుడు అది 17 శాతం దాటింది. వంటకాలు అవే, వంటవాళ్లూ వాళ్లే. ఎవరి కోసం చేస్తున్నారో కళ్లముందు ఉండటమే కొత్తగా వచ్చింది. మీ కొట్టులో ఐప్యాడ్ అక్కర్లేదు. కింద చెప్పబోయేవన్నీ అదే పనిని తక్కువ ఖర్చుతో చేసే మార్గాలు.

మీ పార్సిల్ మీరే తినండి

ఇది చాలా సులువైన పని. అయినా చేసేవాళ్లు తక్కువ. వారానికొకసారి, బాగా రద్దీగా ఉన్న వేళలో, ఎవరికోసమో చెప్పకుండా మామూలు ఆర్డర్ లాగే ఒక గ్రిల్ శాండ్‌విచ్ కట్టించండి. సంచి బండి హుక్కుకు తగిలించుకుని ఒక పావుగంట తిరిగి రండి. స్పీడ్ బ్రేకర్లు ఉన్న దారినే వెళ్లండి. ఇంటికి చేరాక ఇంకో పది నిమిషాలు పక్కన పెట్టి, కాళ్లూ చేతులూ కడుక్కుని, పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడి, అప్పుడు విప్పండి. మీ దగ్గర కొనేవాళ్లు తినేది ఇదే. పెనం మీద నుంచి తీసి మీరు రుచి చూసే ముక్క వాళ్లకు ఎప్పుడూ అందదు.

విప్పగానే మొదట తెలిసేది తడి. కరకరలాడుతూ దిగిన బ్రెడ్ తోలులా సాగుతుంది. అడుగు ముక్క మరీ మెత్తబడి చేతికి అంటుకుంటుంది. దీనికి రెండు కారణాలు. ఒకటి లోపలి నీరు. కీరా, టమాటా నీళ్లతో నిండినవి. వాటి మీద ఉప్పు పడగానే ఆ నీరు బయటికి వస్తుంది. పొద్దున్నే కోసి, ఉప్పూ చాట్ మసాలా చల్లి గిన్నెలో పెట్టుకున్న ముక్కలు మధ్యాహ్నానికి నీళ్లలో తేలుతుంటాయి. వాటిని అలాగే తీసి బ్రెడ్ మీద పరిస్తే ఆ తడి ఎక్కడికి పోతుంది? రెండోది బయటి ఆవిరి. వేడి వేడి శాండ్‌విచ్‌ను వెంటనే సిల్వర్ ఫాయిల్‌లో బిగించి చుట్టేస్తే ఆవిరి బయటికి పోలేక నీళ్లయి మళ్లీ బ్రెడ్‌లోకే దిగుతుంది. వేడిగా ఇవ్వాలన్న మంచి ఉద్దేశమే ఇక్కడ తిండిని పాడుచేస్తోంది.

ముంబై వీధుల్లో వెజ్ శాండ్‌విచ్ చేసేవాళ్ల చేతిని గమనించండి. మొదట వెన్న రాస్తారు. మధ్యలో ఒక ముద్ద పెట్టి వదిలేయరు, రెండు బ్రెడ్ ముక్కలకూ అంచుల దాకా పూస్తారు. ఆ పైన పచ్చ చట్నీ, ఉడికించిన బంగాళదుంప, బీట్‌రూట్, కీరా, టమాటా, ఉల్లి చక్రాలు, వాటి మీద మసాలా. వెన్న అక్కడ రుచి కోసం మాత్రమే లేదు. అది కొవ్వు కాబట్టి తడిని బ్రెడ్‌లోకి త్వరగా దిగనివ్వదు. అంచుల దగ్గర వెన్న అందకపోతే ముందు తడిసేది అంచులే. వెన్న ఖరీదు చూసి చాలా కొట్లలో మొదట కోత పెట్టేది దాని మీదే. ఆ పొదుపు తప్పని నా అభిప్రాయం. చీజ్ కొంచెం తగ్గించినా జనం ఓర్చుకుంటారు, తడిసి ముద్దయిన బ్రెడ్‌ను ఓర్చుకోరు.

పార్సిల్ కట్టేటప్పుడు ఇంకొన్ని చిన్న మార్పులు సరిపోతాయి. కోసిన కీరా, టమాటా ముక్కలను శుభ్రమైన గుడ్డ మీద పరిచి తడి లాగనివ్వండి. ఉప్పు, మసాలా చివర్లో, బ్రెడ్ మూసే ముందు చల్లండి. టమాటా బ్రెడ్‌కు ఆనకుండా బంగాళదుంపకూ చీజ్‌కూ మధ్య పెట్టండి. గ్రిల్ దించాక జల్లెడలాంటి తీగల స్టాండ్ మీద ఒక నిమిషం ఉంచి, ఆవిరి పోయాక కోయండి. ఫాయిల్‌కు బదులు బటర్ పేపర్ చుట్టి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టండి. సాస్, అదనపు చట్నీ లోపల పోయకుండా విడిగా ఇవ్వండి. కోల్డ్ కాఫీని వేడి శాండ్‌విచ్ ఉన్న సంచిలోనే దోపకండి. దాని చెమట మొత్తం అట్టపెట్టెకు అంటుకుంటుంది. చిన్న కొట్టులో మనుషులు తక్కువ, ఇవన్నీ చేస్తూ కూర్చుంటే లైను ఎలా కదులుతుందని మీరు అడగవచ్చు. స్టాండ్ మీద ఒక నిమిషం ఉన్నంతలో తర్వాతి శాండ్‌విచ్‌కు వెన్న రాయడం అయిపోతుంది. గుడ్డ మీద ముక్కలు పరవడం లైను లేని పదకొండు గంటలకే చేసుకోవచ్చు.

మీరు కట్టే వస్తువు శాండ్‌విచ్ కాకపోయినా పరీక్ష ఇదే. కర్రీ పాయింట్ వాళ్లు పప్పు కవరు ముడి ఎన్ని స్పీడ్ బ్రేకర్లకు ఆగుతుందో చూడాలి. దోసె పార్సిల్ కట్టేవాళ్లు ఇంటికెళ్లి దాన్ని మడత విప్పి చూడాలి.

ఆర్డర్ చెప్పించుకోవడం

పార్సిల్ కొట్టులో ఘోరమైన తప్పు తప్పుడు పొట్లం ఇవ్వడం. మూసేశాక వెజ్ గ్రిల్, చీజ్ కార్న్, పనీర్ శాండ్‌విచ్ మూడూ ఒకేలా ఉంటాయి. తేడా ఇంటికి వెళ్లాక తెలుస్తుంది, అప్పటికి వెనక్కి రావడానికి ఎవరికీ ఓపిక ఉండదు. అందులోనూ మన దగ్గర తిండి నియమాలు చాలా ఉంటాయి. కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టనివాళ్లు ఉంటారు. శనివారం గుడ్డు తగలకూడదనేవాళ్లు ఉంటారు. వేరుశనగ పడనివాళ్లు ఉంటారు. వీటిలో కొన్ని నమ్మకానికి సంబంధించినవి, కొన్ని ప్రాణానికి సంబంధించినవి. కౌంటర్ దగ్గర నిలబడినవాళ్లకు రెండూ సమానమే అనుకోవాలి.

ఇక్కడ ఒక అలవాటు చేసుకోండి. ఆర్డర్ విన్నాక గట్టిగా తిరిగి చెప్పండి.

"రెండు వెజ్ గ్రిల్, ఒకదాన్లో ఉల్లి వద్దు. ఒక చీజ్ కార్న్. కారం తక్కువ. పార్సిల్. అంతేనా అక్కా?"

"ఉల్లి రెండిట్లోనూ వద్దు బాబూ."

ఈ ఒక్క జవాబు ఒక పొట్లాన్ని కాపాడింది. లోపల చేసే కుర్రాడు కూడా విన్నాడు. ఆ తర్వాత పొట్లం మూయగానే పైన మార్కర్‌తో "ఉల్లి లేదు", "చీజ్" అని రాయండి. ఇంటికి వెళ్లాక ఏది ఎవరిదో విప్పి వెతుక్కునే పని ఉండదు. ఇంట్లో తినే మనిషి, కొనడానికి వచ్చిన మనిషి ఒక్కరే కానక్కర్లేదని ఆ రాత ద్వారా మీరు గుర్తించినట్టు. వాళ్ల అమ్మ కోసమో, జ్వరంతో పడుకున్న రూమ్మేట్ కోసమో తీసుకెళ్తున్నారేమో.

ధర విషయం కూడా అప్పుడే తేలాలి. అదనపు చీజ్‌కు ఎంత, ప్యాకింగ్‌కు వేరే తీసుకుంటారా అన్నది బోర్డు మీద ఉండాలి, లేదా చేసే ముందు నోటితో చెప్పాలి. స్కాన్ చేసేటప్పుడు "ఇంకో ఇరవై పడుతుందన్నా" అంటే ఇస్తారు. గొడవ పడరు. కానీ పొట్లంతోపాటు ఆ ఇరవై రూపాయల చిరాకునూ ఇంటికి పట్టుకెళ్తారు.

నిలబడటం

శాండ్‌విచ్ చేయడానికి పట్టే సమయాన్ని మీరు ఒక హద్దు దాకానే తగ్గించగలరు. గ్రిల్ వేడెక్కాలి, బ్రెడ్ రంగు రావాలి. కానీ నిలబడిన మనిషికి ఆ సమయం ఎంతగా అనిపిస్తుందన్నది చాలావరకు మీ చేతిలోనే ఉంది. డేవిడ్ మైస్టర్ అనే నిర్వహణ నిపుణుడు 1985లో క్యూలలో నిలబడేవాళ్ల మనస్తత్వం గురించి ఒక వ్యాసం రాశాడు. ఇప్పటికీ ఈ విషయం చదివేవాళ్లలో చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. పనేమీ లేకుండా ఉన్న సమయం ఎక్కువగా అనిపిస్తుంది. ఎంతసేపో తెలియని నిరీక్షణ, తెలిసిన నిరీక్షణ కంటే పొడవు. కారణం చెప్పనిది చెప్పినదాని కంటే పొడవు. అన్యాయంగా అనిపించేది న్యాయంగా అనిపించేదాని కంటే పొడవు. ఆయన చెప్పిన మాటల్లో చిన్న కొట్టుకు బాగా పనికొచ్చేవి ఇవి.

కౌంటర్ దగ్గర జరిగేదాన్ని వీటి పక్కన పెట్టి చూడండి. "ఐదు నిమిషాలన్నా" అని అందరికీ చెబుతాం. ముందు ఇద్దరున్నా ఐదే, పదిమంది ఉన్నా ఐదే. ఆ ఐదు దాటిన ప్రతి నిమిషం మీ మాట విలువను తగ్గిస్తుంది. "మీ ముందు ఆరు ఉన్నాయి, పన్నెండు నిమిషాలు పడుతుంది, ఆ పక్కన పని చూసుకుని రండి" అని చెబితే ఒకరిద్దరు వెళ్లిపోవచ్చు. వెళ్లిపోనివ్వండి. ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉంటారు, వెళ్లినవాళ్లు కూడా రేపు మీ మాట నమ్మి వస్తారు.

అన్యాయం సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈమధ్య అది పెరిగింది. మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు. ఈలోపు ఫోన్ మోగుతుంది, యాప్‌లో ఆర్డర్ వస్తుంది. రైడర్ వచ్చి తొందర పెడతాడు. అతనికీ సమయం మించిపోతూ ఉంటుంది, అతని తప్పేమీ లేదు. కుర్రాడు యాప్ ఆర్డర్లు నాలుగు ముందు కట్టేస్తాడు. తన తర్వాత వచ్చిన నాలుగు పొట్లాలు తన కళ్లముందే వెళ్లిపోవడం నిలబడినవాళ్లకు కనిపిస్తుంది. వాళ్లు ఏమీ అనరు. వచ్చే వారం రారు. దీనికి మందు ఒకటే: ఎదుట ఉన్నవాళ్లకైనా, యాప్‌లో ఉన్నవాళ్లకైనా ఒకే వరుసలో టోకెన్ నంబరు. పలక మీద సుద్దతో రాసినా చాలు. ఏ నంబరు నడుస్తోందో అందరికీ కనిపించాలి. అందరికీ ఒకే వరుస అని కనిపిస్తే, ఆలస్యమైనా మనవాళ్లు సర్దుకుంటారు.

గ్రిల్, బ్రెడ్ పరిచే బల్ల కనిపించేలా పెట్టుకోవడం కూడా పనికొస్తుంది. ఎవరి శాండ్‌విచ్ ఎక్కడిదాకా వచ్చిందో చూస్తూ నిలబడినవాళ్లకు ఊరికే నిలబడ్డట్టు ఉండదు. మీకూ వాళ్లు కనిపిస్తూ ఉంటారు. పైన చెప్పిన క్యాంటీన్ ప్రయోగం గుర్తుందిగా.

తప్పు జరిగాక

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్, ఒక విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. అక్కడ 1982 మార్చి 15న పాల్ సాగినా, ఆరీ వైన్‌జ్వైగ్ అనే ఇద్దరు మిత్రులు ఒక పాత ఇటుకల భవనంలో జింగర్‌మన్స్ డెలికటెసెన్ పెట్టారు. శాండ్‌విచ్‌లు, రొట్టె, చీజ్ అమ్మే కొట్టు అది. వైన్‌జ్వైగ్ రష్యన్ చరిత్ర చదివి, ఒక హోటల్లో గిన్నెలు కడిగే పనితో ఈ దారిలోకి వచ్చాడు. సాగినా ఆ హోటల్ మేనేజరు. కొట్టు పేరు మోగాక ఊరూరా శాఖలు పెట్టమని అడిగినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఒప్పుకోలేదు. ఆ ఊరి చుట్టుపక్కలే 1992లో బేకరీ, తర్వాత ఇంకొన్ని వ్యాపారాలు మొదలుపెట్టారు. 1994లో తమ సేవా పద్ధతులను ఇతరులకు నేర్పే సంస్థ కూడా పెట్టారు. 2014లో అధ్యక్షుడు బరాక్ ఒబామా ఆ ఊరికి ప్రసంగానికి వచ్చినప్పుడు ఆ కొట్టుకు వెళ్లి శాండ్‌విచ్ తిన్నాడు.

ఆ కొట్టును ప్రస్తావించడానికి కారణం ఫిర్యాదు వస్తే ఏం చేయాలో వాళ్లు రాసుకున్న ఐదు మెట్లు. ఎదుటివాళ్లు చెప్పింది విన్నామని ఒప్పుకోవాలి. మనస్ఫూర్తిగా క్షమాపణ చెప్పాలి. వెంటనే సరిచేయాలి. చెప్పినందుకు ధన్యవాదాలు చెప్పాలి. చివరగా రాసిపెట్టుకోవాలి. సరిచేయడానికి యజమానిని అడగాల్సిన పని లేదు. కౌంటర్ దగ్గర ఎవరున్నా, నిన్న చేరిన కుర్రాడైనా, ఆ అధికారం ఉంటుంది. ఫిర్యాదు రాసుకునే కాగితాన్ని వాళ్లు కోడ్ రెడ్ అంటారు, మెచ్చుకోలు రాసే కాగితాన్ని కోడ్ గ్రీన్ అంటారు.

ఇందులో మన కొట్లకు కష్టమైన మెట్టు మొదటిదే అనిపిస్తుంది. "బ్రెడ్ మెత్తగా ఉందన్నా" అని ఎవరైనా అంటే మన నోటికి ముందు వచ్చే మాటలు ఏమిటి? "అలా ఉండదే, ఇప్పుడే వచ్చిన బ్రెడ్." "ఇంతమంది తీసుకెళ్లారు, ఎవరూ అనలేదు." "మీరు లేటుగా తిన్నారేమో." మూడూ నిజమే కావచ్చు. అయినా ఎదుటి మనిషికి వినిపించేది నువ్వు అబద్ధమాడుతున్నావనే. ఎన్నో మొహమాటాలు దాటి ఒక్కళ్లు చెప్పడానికి వచ్చారు. వాళ్ల వెనక చెప్పకుండా మానేసినవాళ్లు ఎంతమందో. ఆ ఒక్కళ్లనూ నోరు మూయిస్తే మీకు ఇక సమాచారం రాదు.

"అయ్యో, మెత్తబడిందా? సారీ అమ్మా. ఇప్పుడే ఇంకోటి వేస్తాను, రెండు నిమిషాలు ఉండండి. చెప్పి మంచిపని చేశారు." ఇంతకన్నా పొడవైన సంభాషణ అవసరం లేదు. ఎవరి తప్పో తేల్చే పంచాయితీ అక్కడ పెట్టకండి. లోపల కుర్రాణ్ణి అందరి ముందూ తిట్టడమూ వద్దు. తిడితే వాడు రేపటి నుంచి తప్పులు దాచడం నేర్చుకుంటాడు. కొత్త శాండ్‌విచ్‌కు మీకయ్యే ఖర్చు బ్రెడ్, వెన్న, నాలుగు ముక్కలు. చదువుకునే పిల్లలు, ఆఫీసులకు వెళ్లేవాళ్లు వారానికి రెండుసార్లు వస్తే ఏడాదికి వందసార్లు. ఒకసారి ఇచ్చిన శాండ్‌విచ్‌ను ఆ వందతో పోల్చుకోండి. ఉచితంగా తినడానికే అబద్ధం చెప్పేవాళ్లు ఉండరా అంటే, ఉంటారు. వాళ్లు తక్కువ, పదేపదే వస్తే మీ పుస్తకంలోనే దొరికిపోతారు. ఆ కొద్దిమందికి భయపడి మిగతావాళ్లందరినీ దొంగల్లా చూడటం వ్యాపారం కాదు.

రాసిపెట్టుకోవడం అనే ఐదో మెట్టును అందరూ వదిలేస్తారు. ఒక పదిరూపాయల నోటుపుస్తకం గోడకు వేలాడదీయండి. తేదీ, వేళ, ఏ ఐటమ్, ఏమన్నారు. నెలాఖరున తిరగేస్తే తెలుస్తుంది. మెత్తబడిందన్న మాటలన్నీ సాయంత్రం ఆరు తర్వాతే వస్తున్నాయేమో. అంటే అప్పటికి కోసిన ముక్కలు నీరు వదులుతున్నాయన్నమాట.

కనిపించని ప్రమాదం

రుచి తప్పితే ఒక గిరాకీ పోతుంది, శుభ్రత తప్పితే మనిషే పోవచ్చు. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో వీధి పక్కన మోమోలు తిని చాలామంది అస్వస్థులయ్యారు, ఒక మహిళ చనిపోయింది. ఆ నెలాఖరులోనే తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు, మయోనైజ్‌ను వేడి చేయం కాబట్టి అది చావదు. శాండ్‌విచ్ కొట్టులో మయోనైజ్ లేనిదే రోజు గడవదు కాబట్టి ఈ సంగతి మీకు నేరుగా సంబంధించింది. గుడ్డు లేని, ప్యాకెట్‌లో వచ్చే మయోనైజ్ వాడండి. తెరిచిన డబ్బా ఫ్రిజ్‌లోనే ఉంచండి. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. మే నెలలో కౌంటర్ మీద మధ్యాహ్నమంతా ఉన్న చట్నీ గిన్నె సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. చిన్న గిన్నెలో కొద్దికొద్దిగా తీసుకుని, మిగతాది ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

న్యూస్‌పేపర్‌లో చుట్టడం ఇంకా పోలేదు. తిండికి న్యూస్‌పేపర్ వాడకూడదని 2018 నాటి ఆహార ప్యాకేజింగ్ నిబంధనలు చెబుతున్నాయి. సిరాలోని రసాయనాలు వేడికీ నూనెకూ తిండిలోకి దిగుతాయి. పొట్లానికి స్టేప్లర్ పిన్ కొట్టడం కూడా మానేయండి. చీకట్లో, బస్సులో, ఫోన్ చూస్తూ విప్పుకునేవాళ్లు ఉంటారు.

కొనేవాళ్లతో రెండు మాటలు

ఈ పుస్తకం చదివేవాళ్లలో కొట్టు ఉన్నవాళ్ల కంటే కొట్టుకు వెళ్లేవాళ్లే ఎక్కువ. మీ ఊళ్లో ఒక చిన్న కొట్టు బాగుండాలని మీకు ఉంటే, నచ్చనప్పుడు చెప్పండి. ఫోన్‌లో ఒక నక్షత్రం ఇచ్చి కోపం తీర్చుకోవడానికి ముందు ఆ మనిషితో ఒకసారి మాట్లాడండి. పదిమంది ముందు కాకుండా లైను తగ్గాక, జరిగింది జరిగినట్టుగా: "నిన్న సాయంత్రం తీసుకెళ్లిన పనీర్ పుల్లగా వచ్చిందన్నా, ఒకసారి చూసుకోండి." మొన్న తప్పు చేసిన చెయ్యే రేపు సరిచేయాలి కదా. మనిషి మంచివాడా కాదా అని తీర్పు చెప్పే బదులు వస్తువు గురించి చెబితే వినడం సులువవుతుంది. డబ్బు విషయంలో మోసం జరిగి, అడిగినా పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 ఉంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు. బాగున్నప్పుడూ చెప్పండి. పొద్దున్నుంచి వేడి పెనం ముందు నిలబడిన కుర్రాడికి ఆ మాట రోజుకు ఒకటి కూడా అందదు.

అడిగే ప్రశ్న

మళ్లీ కొట్టు నడిపేవాళ్ల దగ్గరికి వస్తాను. నిన్న తీసుకెళ్లినవాళ్లు ఈరోజు కనిపిస్తే "బాగుందా?" అని అడగకండి. మనవాళ్లెవరైనా "బాగుంది" అనే అంటారు. పెళ్లిభోజనం ఎలా ఉందంటే ఏమంటామో అదే జవాబు. దాని బదులు జవాబు దాచుకోలేని చిన్న ప్రశ్న అడగండి. "ఇంటికెళ్లేసరికి బ్రెడ్ మెత్తబడిందా?" "చట్నీ సరిపోయిందా, మిగిలిందా?" "పాప కారం తిందా?" ఇలా అడిగితే మొహమాటం అడ్డురాదు. మెత్తబడిందంటే మిమ్మల్ని తప్పు పట్టినట్టు కాదు, బ్రెడ్ గురించి చెప్పినట్టు. రోజుకు ఇద్దరిని అడిగి, జవాబు గోడ మీది పుస్తకంలోనే రాయండి. పేరు తెలియకపోతే "నీలం స్కూటీ, ఉల్లి వద్దు" అని రాసినా చాలు. మళ్లీ వచ్చినప్పుడు ఆమె చెప్పకముందే "ఉల్లి వద్దు కదమ్మా" అనగలుగుతారు.

యాప్‌లో తెప్పించుకునేవాళ్లను ఇలా అడగడం కుదరదు. కానీ వాళ్ల గుమ్మం దాకా వెళ్లే మనిషి ఒకరున్నారు. రైడర్‌ను చాలా కొట్లలో మెట్ల మీద ఎండలో నిలబెడతారు, పేరు పెట్టి పిలవరు. నీడలో ఒక స్టూలు వేయండి, మంచినీళ్లు ఇవ్వండి. అది మర్యాద, ముందు అందుకోసమే చేయండి. ఆ తర్వాత ఖాళీ ఉన్నప్పుడు అడగండి: మా సంచి బ్యాగులో నిలబడుతోందా, పక్కకు పడుతోందా తమ్ముడూ? సాస్ కారుతోందా? ఎక్కువగా ఎంత దూరం నుంచి ఆర్డర్లు వస్తున్నాయి? ఆరు కిలోమీటర్ల అవతలికి వెళ్లే గ్రిల్ శాండ్‌విచ్ ఎలా చేరుతోందో అతను చెప్పగలడు. చేరేసరికి పాడవుతోందని తేలితే యాప్‌లో ఆ దూరానికి గ్రిల్ ఐటమ్‌లు ఆపేయించి, చల్లగా తినే శాండ్‌విచ్‌లు మాత్రమే ఉంచండి.